గాలయ్య మాన్పించిన ఆట

జడ్చర్లకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో గాలయ్య ఇల్లెక్కడని అడిగితే, ఏ గాలయ్య అని ఎదురు అడుగుతారు. గుర్రం గాలయ్య అంటే ఇల్లు చూపిస్తారు. వయసు నలభై ఆరు. మందుల కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం. పొద్దున ఆరింటికి నీలం చొక్కా వేసుకొని పోయి మధ్యాహ్నం రెండున్నరకు వస్తాడు. వచ్చి ముందు గుర్రానికి నీళ్లు పెడతాడు, తర్వాత తను తింటాడు. ఆ గుర్రంతో ఇప్పుడు ఏ పనీ లేదు. పెండ్లిళ్లకు పోదు, బండి లాగదు. మరి ఎందుకు ఉంచుకున్నావని అడిగితే దాని ముందు ఇంకాస్త గడ్డి వేస్తాడు.

గుర్రం పేరు జొన్న. తెలంగాణ వచ్చిన ఏడు, మక్తల్ దగ్గర మందలు మేపే గొర్ల కాపరులను అడిగి గాలయ్య దాన్ని పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాడు. కర్ణాటక వైపు నుంచి వచ్చే ఆ కాపరులు తమ గిన్నెలను, గొంగళ్లను, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను పొట్టి గుర్రాల మీద వేసుకొని ఊరూరా తిరుగుతారు. జొన్న ఆ జాతిది. రంగు తెల్లజొన్న గింజ రంగు. పూర్తిగా ఎదిగాక కూడా దాని వీపు గాలయ్య ఛాతీని దాటలేదు. పెండ్లికొడుకు ఎక్కి కూర్చుంటే కాళ్లు నేలకు మూరెడు ఎత్తున వేలాడేవి. "బావా, గుర్రమెక్కినవా, గుర్రాన్ని సంకల పెట్టుకున్నవా?" అని బామ్మర్దులు ఆట పట్టించేవారు.

గుర్రాన్ని తెచ్చింది గాలయ్య అయినా, దానికి ఆట నేర్పింది ఎక్కువగా అతని తండ్రి జానయ్య. జానయ్య డప్పు కొడతాడు. రోజూ పొద్దున్నే కొట్టం ముందు బండ మీద కూర్చొని తీన్మార్ మొదలుపెట్టేవాడు. గాలయ్య గుర్రం కుడి ముందుకాలిని గిట్ట పైన వేళ్లతో తట్టేవాడు. అది కాలు ఎత్తితే బెల్లం ముక్క. డప్పుతో కలిపి ఎత్తితే రెండు ముక్కలు. ఇలా ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత బెల్లం అక్కర్లేకపోయింది. డప్పును కాక పెట్టడానికి గడ్డి మంట వేస్తే చాలు, జొన్న చెవులు నిక్కబొడుచుకొని తాడు లాగేది.

వాళ్ల వాడ పెండ్లికొడుకులు అంతకుముందు గుర్రమెక్కింది లేదు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో మొదటిసారి ఎక్కింది జొన్న మీదే. ఒక ఊళ్లో ఊరేగింపు పెద్దమనిషి ఇంటి ముందుకు రాగానే, పిల్లవాణ్ణి దిగి నడవమని కబురొచ్చింది. జానయ్య సరే అనలేదు, కాదనలేదు. డప్పు వేగం పెంచాడు. జొన్న సరిగ్గా ఆ గడప ముందే పావుగంట ఆడింది. తర్వాత పంచాయితీకి పిలిస్తే జానయ్య చేతులు కట్టుకొని, "ఎగిరే గుర్రం మీంచి ఎట్ల దిగుతడు సారూ, కాళ్లిరగ్గొట్టుకుంటడు గద" అన్నాడట. పంచాయితీ అక్కడితో అయిపోయింది.

2019 చలికాలంలో అచ్చంపేట దాటిన తర్వాత గుట్టల్లో ఒక టీవీ ధారావాహిక చిత్రీకరణ మొదలైంది. పేరు 'ఏడుగుట్టల వారసులు'. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చొని చూసేందుకు తీస్తున్నారు. వాళ్లు తీసుకున్న పాత జానపద కథలో నాయకుడు నలభై ఏళ్లవాడు, గుబురు మీసాలవాడు, ఇద్దరు భార్యలున్నవాడు. కోటను ముట్టడించిన సుల్తాను సేనను ఏడు గుట్టల దేవతల సాయంతో తరిమినవాడు. టీవీ వాళ్లు అతని మీసాలు, భార్యలు తీసేసి పదమూడేళ్ల పిల్లవాణ్ణి చేశారు. పక్కన కత్తి తిప్పే పన్నెండేళ్ల చెల్లెలు, మాట్లాడే ఒక కొండముచ్చు. పిల్లలు ఎక్కడానికి పొట్టి గుర్రం కావాలి. హైదరాబాద్‌లో దొరికేవన్నీ పెద్ద గుర్రాలు. అడుగుతూ అడుగుతూ వాళ్లు గాలయ్య ఇంటికి వచ్చారు.

మొదటి వారమంతా బాగా గడిచింది. జొన్న పిల్లలను కరవలేదు, తన్నలేదు. సహాయ దర్శకురాలు హరిత అనే అమ్మాయి గాలయ్యను మాస్టర్ గారూ అని పిలిచేది. గుర్రాలను పట్టేవాణ్ణి చిత్రీకరణల్లో అలాగే పిలుస్తారు. గాలయ్యకు అది తెలియదు. నలభై ఏళ్లుగా ఊళ్లో తనను 'ఏయ్ గాలిగా' అనే పిలిచారు. 'మీరు టీ తాగారా మాస్టర్ గారూ' అన్న మాటను ఇంటికి ఫోన్ చేసి భార్య బాలనర్సమ్మకు చెప్పాడు.

"తాగినవా మరి?" అని అడిగింది ఆమె.

"తాగిన."

"ఈడికొచ్చినంక గిలాసలు నువ్వే కడుక్కోవాలె మాస్టరు" అని ఫోన్ పెట్టేసింది.

రెండో వారంలో యుద్ధం. కోట సేన గుట్ట దిగుతుంటే పన్నెండు డప్పులు ముందు నడవాలి. చెల్లెలు వేషం వేసిన పిల్ల జొన్న మీద కూర్చొని, కదలకుండా, ఎదుట సుల్తాను సేనను చూస్తూ ఉండాలి. డప్పులకు గాలయ్య తన తండ్రి దళాన్నే పిలిపించాడు. జానయ్య పెద్దవాడు కాబట్టి అతన్నే ముందు నిలబెట్టారు.

డప్పు వాళ్లు ఒక్కో వరసను ఒక్కో దెబ్బ అంటారు. దర్శకుడు శ్రీకాంత్ వచ్చి యుద్ధం డప్పు కొట్టమన్నాడు. జానయ్య భుజం మీద డప్పు సర్దుకొని అడిగాడు.

"యుద్ధం దెబ్బ అంటే ఎట్ల సార్? మా దగ్గర పెండ్లి దెబ్బ ఉన్నది, సావు దెబ్బ ఉన్నది, దండోర దెబ్బ, పీర్ల దెబ్బ ఉన్నయి. యుద్ధానికి మమ్ముల ఇంతవరకు ఎవరూ పిలువలే."

అందరూ నవ్వారు. హరిత ముందుకొచ్చి, "మీరు నిజంగా కొట్టక్కర్లేదు పెద్దాయనా. పుల్లలు డప్పుకు తగలకుండా చేతులు ఆడిస్తే చాలు. చప్పుడు మేం స్టూడియోలో వేసుకుంటాం" అంది.

జానయ్య ముఖం మారిపోయింది. దళంలో వాళ్లంతా అతని వైపు చూశారు. "సప్పుడు లేకుంట డప్పు కొట్టుడేందమ్మా" అన్నాడు మెల్లగా. "పన్నెండేండ్ల వయసు నుంచి కొడుతున్న. కొట్టకుంట కొట్టినట్టు చేసుడు నాతోని కాదు. అట్లయితే బొమ్మల్ని పెట్టుకోండ్రి."

శ్రీకాంత్‌కు ఈ జవాబు నచ్చింది. నిజంగా కొడితేనే ముఖాల్లో ఊపు వస్తుంది, కొట్టనివ్వండి అన్నాడు. ఊపు అన్న మాట వినగానే దళానికి తెలిసిన ఊపు ఒకటే. పన్నెండు డప్పులూ తీన్మార్ అందుకున్నాయి. జొన్న చెవులు లేచాయి. కత్తి పట్టుకొని కోపంగా చూడాల్సిన పిల్లను వీపున పెట్టుకొని అది కుడికాలు ఎత్తి, ఎడమకాలు ఎత్తి, తల ఊపుతూ యుద్ధభూమి మధ్యలో ఆడటం మొదలుపెట్టింది. సుల్తాను సేనలో వేషం వేసిన మక్తల్ కుర్రాళ్లు ఇద్దరు ఈలలు వేశారు.

"యుద్ధమా, బారాతా?" అన్నాడు శ్రీకాంత్. తర్వాత వేరే గుర్రం చూడమని ఎవరికో చెప్పాడు.

గాలయ్య పరుగెత్తి వచ్చాడు. "వద్దు సార్. నలభై దినాలు ఇయ్యండి. ఎగురుడు మాన్పిస్త."

ఆ సన్నివేశాన్ని జనవరికి వాయిదా వేశారు. అప్పటికి గుర్రం నిలబడితే దాన్నే ఉంచుకుంటామన్నారు. గాలయ్య జొన్నను పక్కకు తీసుకుపోతుంటే హరిత అతని వెంట నాలుగడుగులు నడిచి, గొంతు తగ్గించి, "ఇదంతా ఎందుకు మాస్టర్ గారూ. మీ నాన్నగారికి మీరే ఒక్క మాట చెప్పండి. ఆ ఒక్క సీన్‌కు చేతులాడిస్తే సరిపోతుంది. సార్‌ను నేను ఒప్పిస్తాను" అంది.

గాలయ్య సరేనన్నాడు. ఆ మాట తండ్రికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదన్నదానికి అతని దగ్గర ఇప్పటికీ ఒకే జవాబుంది. కొట్టం ముందు బండ పక్కన నిలబడి అతను చెప్పింది ఇది: "బాపు మొఖం జూసిన గద. పదకొండు మంది ముంగట పుల్లలు గాల్లో ఆడించమని నా నోటితోని ఎట్ల చెప్పాలె? ఆయనకు చెప్పుడు కంటె గుర్రానికి చెప్పుడు సులువనుకున్న."

గుర్రానికి చెప్పడం డిసెంబరు మొదటి వారంలో మొదలైంది. ఇంటి వెనుక పంట కోసిన చేలో ఒక గుంజ పాతి దాన్ని కట్టాడు. జానయ్య ఎప్పటిలాగే డప్పు తెచ్చుకొని కూర్చున్నాడు. కొడుకు కొత్త ఆట ఏదో నేర్పుతాడనుకున్నాడు. తీన్మార్ మొదలైంది. జొన్న కుడికాలు ఎత్తింది. గాలయ్య చింత బరిగెతో ఆ కాలి మీద కొట్టాడు. అది కాలు దించి, అతని చేతిలో బెల్లం కోసం మూతి చాపింది. జానయ్య ఆగాడు.

"ఏందిరా అది?"

"టీవీ వాళ్లకు కదలకుంట నిలవడాలె. నువ్వు కొట్టు బాపు."

జానయ్య కొట్టాడు. కొడుకుకు చిత్రీకరణలో పేరు వస్తున్నదని ఊళ్లో చెప్పుకున్నవాడే అతను కూడా. మూడు రోజులు అలా సాగింది. మొదటి రోజు కాలు ఎత్తినప్పుడల్లా, రెండో రోజు తల ఊపినా, మూడో రోజు చెవులు కదిలినా దెబ్బ పడింది. గుర్రానికి అర్థం కాక ఇంకా బాగా ఆడటానికి చూసింది. తప్పు చేస్తున్నానేమోనని ఎడమకాలు కూడా ఎత్తింది. దానికీ పడింది. నాలుగో రోజు జానయ్య మధ్యలో డప్పు దించి పక్కన పెట్టాడు.

"నాది దెబ్బనే, నీది దెబ్బనే. రెండూ కలిసి పడుతున్నయి. ఏది ఎగరమనేది, ఏది నిలవడమనేది దానికేమెరుక? నేను కొట్ట."

"పది దినాలు బాపు. జర ఓపిక పట్టు."

"నేను కొట్టనంటే కొట్ట. ఇంకెవన్నన్న తెచ్చుకో."

గాలయ్య ఇంకెవరినీ తెచ్చుకోలేదు. మొదటి రోజే తండ్రి డప్పును సెల్‌ఫోన్‌లో పట్టి ఉంచాడు. ఊళ్లో పాటల కోసం వాడే చిన్న స్పీకరు ఒకటి అడిగి తెచ్చి, గుంజకు వేలాడదీశాడు. ఆ మధ్యాహ్నం జానయ్య ఇంటి ముందు కూర్చొని టీ తాగుతున్నాడు. డప్పు గోడకు వేలాడుతున్నది. ఇంటి వెనుక నుంచి డప్పు వినిపించింది. కాసేపు తల పక్కకు వంచి విన్నాడు. ప్రతి కొట్టేవాడికీ చేతివాటం ఉంటుంది. మూడో దెబ్బను జానయ్య కొంచెం ఆలస్యంగా వేస్తాడు. తన చేయే అని గుర్తుపట్టాడు.

"నేను ఈడ కూసున్న. నా డప్పు ఈ గోడకున్నది. ఆడ ఎవడు కొడుతుండు?" అని కోడల్ని అడిగాడు. బాలనర్సమ్మ చెప్పింది. జానయ్య లేచి వెనక్కి పోలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, ఊళ్లోకి నడిచి, పొద్దు గూకినాక వచ్చాడు. మిగిలిన రోజులన్నీ అదే పని చేశాడు.

మొత్తం ముప్పై నాలుగు రోజులు పట్టింది. చివరి వారంలో బరిగె అవసరం రాలేదు. డప్పు వినబడగానే జొన్న నాలుగు కాళ్లూ బిగించి రాయిలా నిలబడేది. నిలబడినందుకు గాలయ్య బెల్లం పెట్టాడు. తినేది కాదు. డప్పు ఆగినాక తినేది.

జనవరిలో యుద్ధం అనుకున్నట్టే జరిగింది. జానయ్య రాలేదు, మోకాళ్ల నొప్పి అన్నాడు. దళంలో మిగతా పదకొండు మంది కొట్టారు. వాళ్లు ఎంత కొట్టినా జొన్న వెంట్రుక కదలలేదు. శ్రీకాంత్ గాలయ్య భుజం తట్టి, "మాస్టర్, మీకు ఏదైనా వస్తుంది" అన్నాడు. ఆ మాటకు గాలయ్య సంతోషపడ్డాడు. దాచకుండా చెబుతాడు, ఆ రోజు తన బతుకులో మంచి రోజుల్లో ఒకటని. హరిత మాత్రం గుర్రం దగ్గరికి వచ్చి, దాని కుడికాలి మీద వెంట్రుకలు లేచిపోయిన చోటు చూసి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి నుంచి ధారావాహిక ఆదివారాల్లో రావడం మొదలైంది. మార్చి నడుమ యుద్ధం వచ్చిన పూట వాడలో సగం మంది గాలయ్య ఇంట్లో ఉన్నారు. జానయ్య మంచం మీద కూర్చున్నాడు. తెర మీద గుట్ట, జెండాలు, డప్పులు, జొన్న మీద ఆ పిల్ల. జొన్న కనిపించిందని అందరూ అరిచారు. కనిపించింది మెడ పైభాగమే. నాలుగు కాళ్లూ తెరకు కింద ఉండిపోయాయి. డప్పుల చేతులు ఊగుతున్నాయి గాని వినిపిస్తున్నది డప్పు కాదు. పెద్ద పెద్ద నగారాలు, వెనుక బూరలు, ఎవరో గొంతెత్తి పాడే మంత్రం లాంటిది.

"గీ సప్పుడెవరిది?" అన్నాడు జానయ్య. "మనోళ్లు కొట్టింది ఏది?"

"తీసేసి వాళ్లది వేసుకున్నరు బాపు."

"మరి కొట్టుడెందుకు?"

జనం వెళ్లినాక గాలయ్య తండ్రికి అసలు సంగతి చెప్పాడు. చేతులాడిస్తే చాలని ఆ అమ్మాయి రెండోసారి కూడా చెప్పిందని, ఆ మాట తండ్రికి చేరవేయమన్నదని, తనే చేరవేయలేదని చెప్పాడు. 

"నువ్వొచ్చి అడిగితే చేద్దును గదరా" అన్నాడు జానయ్య. "ఎవరో పట్నపు పిల్ల చెప్తే రోషమొచ్చింది. నువ్వు అడిగితే గాల్లనే కొడుదును. గుర్రం కోసం కొడుదును."

 ఆ తర్వాతి వారం కరోనా భయంతో దేశమంతా తలుపులు వేసుకుంది. చిత్రీకరణ ఆగింది. ఏడు గుట్టల్లో నాలుగు గుట్టల దేవతలు ఇంకా ప్రత్యక్షం కాకముందే ధారావాహిక ఆగింది, మళ్లీ మొదలుకాలేదు. మాస్టర్ గారూ అని ఎవరూ ఫోన్ చేయలేదు.

పెండ్లిళ్లు మళ్లీ జనంతో జరగడం మొదలైనాక, వాడలో రాజేశ్ అనే పిల్లవాడి పెండ్లి కుదిరింది. ఊరేగింపుకు జొన్నే కావాలన్నాడు. నాలుగైదేళ్ల కింద దాని వెనుక గంతులు వేసినవాడు. సాయంత్రం నాలుగింటికి అతణ్ణి ఎక్కించారు. డప్పులు తీన్మార్ అందుకున్నాయి. జొన్న నిలబడింది. తోక కింద, మెడ మీద చెమట పట్టింది. నిలబడ్డ చోటే మూత్రం పోసింది.

"టీవీ గుర్రమే, గట్ల ఎగురుతదా? యాక్షన్ అనాలె" అన్నాడు స్నేహితుల్లో ఒకడు. ఇంకొకడు యాక్షన్ అని అరిచాడు. నవ్వులు. రాజేశ్ పైనుంచి వంగి, "మామా, దీనికేమన్న పానం బాగలేదా?" అని అడిగాడు. గాలయ్య పగ్గం పట్టుకొని ముందుకు లాగాడు. డప్పు మోగుతున్నంతసేపూ అది అడుగు తీయలేదు. రాజేశ్ దిగి నడిచాడు. అతణ్ణి దిగమని ఈసారి ఎవరూ కబురు పంపలేదు.

మరుసటి రోజు జానయ్య డప్పు తీసుకొని వచ్చి బండ మీద కూర్చున్నాడు. డప్పు కొట్టే చిర్ర, పుల్ల రెండూ ఇంట్లోనే వదిలి, వేళ్ల కొసలతో తీన్మార్ కొట్టాడు, చెవి పెట్టి వింటే తప్ప వినపడనంత మెల్లగా. గాలయ్య బెల్లం పట్టుకొని గిట్ట పైన తట్టాడు. పిల్లగా ఉన్నప్పుడు తట్టినట్టే. జొన్న కాలు ఎత్తలేదు. రోజూ చేశారు. ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. వేళ్ల డప్పుకు అది వణకడం మానింది గాని, ఆడలేదు. ఒకసారి కాలు కొంచెం లేచినట్టు అనిపించి గాలయ్య బెల్లం ముందుకు చాపాడు. ఈగ వాలిందట.

"ఇగ దాన్ని సతాయించకురా" అన్నాడు జానయ్య ఆ సాయంత్రం. "నిలవడుడు దానికి మంచిగ వచ్చింది."

జానయ్యకు ఇప్పుడు డెబ్బై మూడు. దళంతో పోవడం లేదు. గాలయ్య కంపెనీలో చేరి నాలుగేళ్లయింది. గుర్రాన్ని అడిగినవాళ్లున్నారు. ఇటుక బట్టీ వాళ్లు, జాతరల్లో పిల్లలను ఎక్కించి తిప్పేవాళ్లు. ఇవ్వలేదు. వాడలో డప్పుల వాళ్లకు సంగతి తెలుసు. పెండ్లయినా చావయినా గాలయ్య ఇల్లు వచ్చేసరికి పుల్లలు చంకలో పెట్టుకొని నడుస్తారు. ఇల్లు దాటినాక మళ్లీ అందుకుంటారు. ఇలా చేయమని వాళ్లను ఎవరూ అడగలేదు.

పోయిన ఫిబ్రవరిలో వచ్చిన మేళం మాత్రం వేరే ఊరిది. గాలయ్య అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. వీధి చివర డప్పు వినపడగానే కంచం వదిలి, ఎంగిలి చేయి అంగీకి తుడుచుకొని, కొట్టంలోకి పోయాడు. జొన్న చెవులు మూద్దామని రెండు చేతులూ పైకెత్తాడు. ఆ చేతులు లేవగానే అది తల దించి, కండ్లు గట్టిగా మూసుకొని, కుడికాలిని నేలకు అదిమి నిలబడింది. గాలయ్య చేతులు కాసేపు అలాగే గాలిలో ఉండిపోయాయి. తర్వాత మెల్లగా వాటిని దాని చెవుల మీద పెట్టాడు. మేళం మలుపు తిరిగింది. అది కండ్లు తెరవలేదు.